మబ్బంటే పడని అక్క

మబ్బును చూసి చిరాకుపడే మనిషిని కర్నూలులో నేను ఒక్కరినే చూశాను. ఆమె మా కాలేజీ ల్యాబులో నాకంటే ముందు చేరిన అక్క. వాళ్ల నాయనది కోడుమూరు దగ్గర మెట్టసేద్యం. అయినా ఆమెకు ఎండే కావాలి.

అక్క ప్లాస్టిక్ పెట్టెలకు వెండి పొడి కలిపిన పాలిమర్ పూత పూసేది. ఆ పూత సెల్‌ఫోన్ తరంగాలను లోపలికి రానివ్వదు. గీత పడితే మాత్రం అవి దూరిపోతాయి. కాస్త వేడి తగిలితే ఆ గీత దానంతటదే మూసుకుంటుంది. అక్క రోజూ పెట్టెను పిన్నుతో బరబరా గీకి, పక్కనే ఓవెన్ ఉన్నా, మేడమీద ఎండలో పెట్టొచ్చేది. "మన ఎండను మించిన మందు యాడుండాదప్పా?" అనేది.

బయటి నుంచి పెద్ద ప్రొఫెసర్లు చూడటానికి వచ్చిన రోజు కూడా ఓవెన్ వద్దంది. వాళ్ల ముందే పెట్టెను గీకి మేడమీద పెట్టిందో లేదో, మబ్బు కమ్మి వాన మొదలైంది. పెట్టెను కొంగు కింద దాచుకొని పరుగెత్తుకొచ్చి, తుడిచి, తన ఫోన్ అందులో పెట్టి మూత వేసింది. నేను ఆ నంబరుకు చేసి చూడాలి. చేయకముందే లోపల ఫోన్ మోగింది. మా సార్ ముఖం మాడిపోయింది.

అక్క మూత తీసి ఫోనెత్తింది. ఊరి నుంచి వాళ్ల నాయన.

"అవునా నాయనా? ఆడ గూడా శానా పడుతాండాదా?"

ఎదురుగా ఎవరున్నారో మరిచేపోయింది. మాట్లాడి, సార్ వైపు తిరిగింది.

"పెట్టె మీద గీత మూసుకోలేదు సార్. మా చేన్లో నెర్రెలు మూసుకుంటాండాయంట!"