మూడు కొట్ల సందు ఓటు

అంగడిలో అందరూ ఆమెను తాళాలక్క అంటారు. తాళాలు బాగుచేయడం ఆమె పని. ఆమె సందులో కొట్లు ముచ్చటగా మూడే: ఆమెది, గొడుగులు బాగుచేసే ఆయనది, కళ్లజోళ్లవాడిది. పక్కనున్న కూరగాయల సందులో ఎనభై. అయినా అంగడి సంఘానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునేటప్పుడు సందుకొక ప్రతినిధి, ప్రతినిధికొక ఓటు. తొమ్మిది సందులకూ తొమ్మిదే ఓట్లు. అంటే ఈ ముగ్గురూ ఆ ఎనభై మందితో సమానమన్నమాట. ఇదేం లెక్కో పెట్టినవాళ్లకే తెలియాలి.

పదిహేనేళ్లుగా ఆ ఓటు తాళాలక్కదే. ఎన్నికలొస్తే చాలు, పోటీలో ఉన్న పెద్దమనుషులు ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేవారు. సందు మీద కారే రేకు అడక్కుండానే మారిపోయేది. ఆ నాలుగు రోజులూ ఆమె కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఈ ఏడాది కొత్త మాట లేచింది. ప్రతినిధులొద్దు, కొట్టున్న ప్రతివాళ్లూ నేరుగా ఓటేయాలట. నలుగురు ప్రతినిధులు సరేనన్నారు, నలుగురు కుదరదన్నారు. ఇక మిగిలింది తాళాలక్క చెయ్యి.

"నువ్వు ఒప్పుకున్నావంటే మన మొహం చూసేవాడుండడక్కా. వానొస్తే తడిసేది మనమే," అన్నాడు గొడుగులాయన. అందులో అబద్ధమేమీ లేదు. ఆమెకు బెంగ పట్టుకుంది.

మధ్యాహ్నం, కూరగాయల సందులో టమాటాలమ్మే చెల్లెలు ఎప్పటిలాగే క్యారియర్ తెచ్చింది.

"పోయినసారి నీకెవరు గెలవాలని ఉండిందే?" అంది అక్క, అన్నం కలుపుతూ.

గ్లాసులో నీళ్లు పోస్తున్న చెల్లెలు ఆగిపోయింది. "ఇరవై ఏళ్లుగా ఇక్కడే అమ్ముతున్నా. ఆ మాట నన్నెవరూ అడగలేదు. నువ్వూ అడగలేదక్కా."

తాళాలక్క ఎత్తిన ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేసింది. నిజంగా సిగ్గేసింది.

సాయంత్రం సమావేశంలో సరేనని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించకుండానే ఒక మెలిక పెట్టింది. "అందరూ ఓటేయండి. కానీ ఓట్ల పెట్టెకు తొమ్మిది తాళాలుండాలి, సందుకొక తాళంచెవి. తొమ్మిదీ వస్తేనే పెట్టె తెరవాలి. మా రేకు కారిందంటే నా తాళంచెవి తుప్పు పట్టిపోతుంది, తర్వాత నన్ననొద్దు." అందరూ పడీపడీ నవ్వి ఒప్పుకున్నారు. ఆ తొమ్మిది తాళాలూ ఎవరు చేస్తారని మాత్రం ఎవరూ అడగలేదు.

ఎన్నికల రోజు పొద్దుటినుంచీ పీట ఖాళీ. మోకాలి ఊసెత్తినవాడు లేడు. ఆమె మనసు చివుక్కుమంది, దాచడమెందుకు. అంతలో చెల్లెలొచ్చి ఆ పీట మీద దర్జాగా కూర్చుంది. వేలి మీద సిరా ఇంకా ఆరలేదు.

"ఇంతకీ ఎవరికేశావే?"

"చెప్పను."

"నాకు కూడానా?"

"నీకు కూడా," అంది చెల్లెలు ముసిముసిగా నవ్వుతూ. "కానీ ఇంకోసారి అడుగక్కా."