అక్క చెవికి గీసిన చిప్పు

మా అక్క గురజాలలో చర్చి బడి టీచరు. నేను ఆరో తరగతిలో ఉండగా ఆమెకి పెద్ద జ్వరమొచ్చి చెవులు దెబ్బతిన్నాయి. చెవి మిషను కొన్నారు గానీ దాని సెల్లు గుంటూరు వెళితే తప్ప దొరికేది కాదు, వేసిన వారానికే అయిపోయేది. అందుకని బడిలోనే పెట్టుకునేది. ఇంటికి రాగానే తీసి డబ్బాలో దాచేసి, మా పెదాలు చూసి మాటలు పోల్చుకునేది. నా కోసం ఒక్క పూట పెట్టుకోవే అంటే, నీ నోరు చూస్తే చాల్లే, సెల్లు దండగ అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఎనభైల్లో నాకు బెంగళూరులో చిప్పులు తయారుచేసే ఉద్యోగమొచ్చింది. అదృష్టం కొద్దీ మా జట్టుకి చెవి మిషను చిప్పే అప్పగించారు. ఏ భాగం ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు పడుకోవాలో ముందు కోడుగా రాసి కంప్యూటర్లో సరిచూసుకునేవాళ్ళం. ఆ తరువాత ఒక్కొక్క ట్రాన్సిస్టరునీ, అంటే కరెంటుని వదిలే, ఆపే బుల్లి స్విచ్చునీ, పచ్చ, ఎరుపు, నీలం గీతలుగా బొమ్మ గీయాలి. ఆ బొమ్మే సిలికాన్ మీదకి ఎక్కుతుంది.

తొలిసారి తయారై వచ్చిన చిప్పు మా కొంప ముంచింది. చప్పుడు లేనప్పుడు పడుకోవాల్సింది, పడుకోకుండా కరెంటు తాగుతూనే ఉంది. సెలవు పెట్టి, ఆ బొమ్మల కాగితాలు చుట్టుకుని అక్క ఇంటికి వచ్చేశాను. నాపరాళ్ళ నేల మీద పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా మూలల్లో చెంబులు పెట్టి, బోర్లా పడుకుని వెతికాను. అక్క కాఫీ గ్లాసుతో గడపలోనే ఆగిపోయి, ఇది ఏ జిల్లా పటంరా అని ఎగతాళి చేసేది.

చివరికి దొరికింది. ఒక ట్రాన్సిస్టరు తలుపుకి, అదే గేటుకి, తీగగా రావాల్సిన నీలం గీత గీయనే లేదు. ఆ గేటు పూర్తిగా తెరుచుకోక, పూర్తిగా మూసుకోక కరెంటు కార్చేస్తోంది. నన్ను నేనే నాలుగు తిట్టుకుని ఆ గీత గీశాను.

మళ్ళీ చిప్పు తయారై రావడానికి నెలలు పట్టింది. ఈసారి బుద్ధిగా పడుకుంది. దాంతో చేసిన మిషను ఒకటి ఆఫీసులో అడిగి తెచ్చి, అక్క చెవికి నేనే పెట్టాను.

"సెల్లు ఊరికే అయిపోదిక. ఇంట్లో కూడా తీయొద్దు" అన్నాను.

అక్క ఉలిక్కిపడింది. నా పెదాలు చూడటం మానేసి కళ్ళు మూసుకుంది.

"ఏందిరా ఇది, నాన్న గొంతు" అంది.

నాన్న నా పసితనంలోనే పోయాడు. ఆయన గొంతు నాకు గుర్తే లేదు. నా గొంతు మారాక అక్క వినడం ఇదే మొదటిసారి.

"ఆపమాక. ఏదో ఒకటి మాట్లాడు."

ఏం మాట్లాడాలో తోచక, కోడు దగ్గర మొదలుపెట్టి చిప్పు ఎలా తయారవుతుందో మొత్తం చెప్పుకొచ్చాను. అక్క కళ్ళు తెరవకుండా వింటూ కూర్చుంది.