వెదురు దాటని సమితి జీపు

డెబ్బైల్లో అరకు కొండల్లో నేను నర్సుగా పనిచేసిన రోజుల్లో మా ఆసుపత్రికి డాక్టరు ఉండేవాడు. కొండమీది పోస్టుకి జీతం తీసుకుని, కింద మైదానంలో ఉద్యోగం చేసేవాడు. దానికి డిప్యుటేషన్ అని పేరు. పంచాయతీ సమితి ప్రెసిడెంటుని అడిగితే, "ఏజెన్సీకి ఎవులొస్తారమ్మా?" అనేవాడు. ఎవరూ రారని తెలిసిన పోస్టుకి ఏటేటా బడ్జెట్ పాసు చేసింది మాత్రం ఆయనే. సమితి ఇచ్చే ఆరోగ్యం డబ్బు గోడల సున్నానికీ, కలెక్టరు వస్తే కట్టే తోరణాలకీ సరిపోయేది. మందుల బీరువాలో బల్లులు కాపురముండేవి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఆ ఏడు చైత్రంలో కొండవాళ్ల వేట పండుగ, ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు కట్టి, వచ్చే బళ్లను ఆపి చందా అడుగుతారు. అడిగింది ఇవ్వకుండా వెదురు దాటకూడదు. లారీవాళ్లు కూడా నవ్వుతూ ఇచ్చిపోయేవారు.

ఆ పండుగలోనే ఒక పిల్లకి తొలికాన్పు కష్టమైంది. బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి బయటికి వచ్చింది. ఆపరేషన్ చెయ్యకపోతే తల్లి కూడా దక్కదు. అది నావల్ల అయ్యే పని కాదు. సమితి జీపు కోసం మనిషిని పంపాను. ప్రెసిడెంటుగారిని మీటింగుకి తీసుకెళ్లాలట, ఖాళీ లేదట. మీటింగు దేని గురించనుకున్నారు? ఏజెన్సీ ఆరోగ్యం గురించి.

ఏ లారీ అయినా దొరక్కపోతుందా అని ఆ పిల్లని మంచంతో సహా మోసుకుని రోడ్డు మీదికి వచ్చాం. వచ్చింది ఆ జీపే. ముందు సీట్లో ప్రెసిడెంటు, వెనక మా డాక్టరు. వెదురు చూసి ప్రెసిడెంటు నవ్వుతూ చిల్లర తీశాడు. పిల్ల అత్త ఆ చేతిని తోసేసింది.

"డబ్బులొద్దు బాబూ. నా కోడలు సచ్చిపోతన్నాది. బండియ్యి."

"ఇది సమితి బండి. పేషెంట్లని ఎక్కించడానికి రూలు లేదు" అన్నాడు ప్రెసిడెంటు.

"మీరైనా దిగి చూడండి సార్" అన్నాను డాక్టరుతో.

"ఇక్కడ నాకు చార్జి లేదు సిస్టర్" అన్నాడాయన వాచీ చూసుకుంటూ. ఛీ, ఇలాంటి పిల్లల పేరు చెప్పుకునే కదా ఆ మనిషి నెలనెలా జీతం తిన్నది.

"అడిగింది ఇయ్యకుండా ఎవులూ దాటరు" అంది అత్త. ఆడవాళ్లంతా వెదురు వెనక రోడ్డు మీద కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ప్రెసిడెంటు పోలీసులన్నాడు. ఒక్కరూ లేవలేదు. ఎండ నెత్తికెక్కాక ఆయనే చెమట తుడుచుకుంటూ దిగాడు. "సరే, బేగి ఎక్కించండి" అన్నాడు. డాక్టరు కూడా దిగబోయాడు గానీ ఆడవాళ్లు దిగనివ్వలేదు.

పెద్దాసుపత్రిలో తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. రోడ్డు మీద ఆ ఇద్దరూ రూళ్లు వల్లించిన పొద్దంతా ఆ బిడ్డదే.

వాయిదా పడిన మీటింగు తర్వాతి నెలలో జరిగింది. నన్నూ పిలిస్తే వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడైనా డాక్టరుని కొండమీదికి పంపుతారనుకున్నాను. అందరూ చేతులెత్తి ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. ఇటుకల పండుగ రోజుల్లో సమితి జీపు ఆ రోడ్డున పోరాదు.