పదకొండు వందల పోగులు, ఒక తెరసెల్ల

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నెత్తి నెరిసి ఉండాలి. నాది నెరవలేదు, ఊడింది. కాబట్టి సగం అర్హత ఉన్నట్టే. పైగా నేను చెప్పబోయేది మరీ పాత సంగతి కూడా కాదు, రెండేళ్ల కిందటి మాట. అయినా ఆ నెల రోజులు నన్ను నేను ఎంత తెలివైనవాడినని అనుకున్నానో తలచుకుంటే అదేదో వేరే యుగం సంగతిలాగే తోస్తుంది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఇల్లు కామారెడ్డిలో, కొలువు ఎల్లారెడ్డిలో. ఒక ఆఫీసులో కూర్చుని జనం రాసిచ్చిన దరఖాస్తులను కంప్యూటర్లోకి ఎక్కించే పని. పొద్దున ఏడున్నర బస్సుకు పోవడం, పొద్దుగూకాక రావడం. ఈ రెండింటి నడుమ జీవితంలో ఏదో వెలితి ఉందని నాకు గట్టిగా అనిపించేది. (వెలితి అనేది నెలజీతం వచ్చేవాళ్లకే తోస్తుందని మా బాపు అంటాడు.) దాన్ని పూడ్చడానికి మొదట గిటారు కొన్నాను, తర్వాత కుందేళ్లను పెంచాను, ఆ తర్వాత డాబా మీద పుట్టగొడుగులు మొలిపించబోయాను. మూడూ మధ్యలోనే ఆగిపోయాయి. నాలుగోది మగ్గం.

మాది నేత కులమే. కానీ మా ఇంట్లో మగ్గం ఆగి నలభై ఏళ్లు దాటింది. మా తాత నేసేవాడు. బాపు దుబాయి పోయి వచ్చి రైసుమిల్లులో కుదురుకున్నాడు. మా అవ్వ, అంటే అమ్మ, బీడీలు చుడుతుంది. నేను ఫోనులో వీడియోలు చూసి చూసి, మగ్గం ముందు కూర్చుంటే మనసు నిమ్మళిస్తుందని ఎవరో చెప్పగా నమ్మి, నేత నేర్చుకుంటానని ఇంట్లో ప్రకటించాను. బాపు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "మా నాయిన మమ్ముల ఆ మగ్గంలకెళ్లి బయటికి తీసెటందుకు నడుము ఇరగ్గొట్టుకున్నడు. నువ్వేమో శౌకుకు అండ్ల దుంకుతా అంటున్నవు. పో, దుంకు" అన్నాడు. అనుమతి ఇచ్చినట్టా, శపించినట్టా అనేది నాకు ఇప్పటికీ తేలలేదు. దోమకొండలో మా అవ్వకు మేనమామ వరసైన ముసలాయన ఉన్నాడు. నేను దోమకొండ తాత అంటాను. కండ్లు మసకబారి నేత ఆపేశాడు. "మూలకు పడ్డది, తీస్కపో బిడ్డా" అని తన మగ్గం నాకు ఇచ్చేశాడు. 

అది ఇంటికి రాకముందే నేను ఒక ఘనకార్యం చేశాను. మా చెల్లెకు బీబీపేట సంబంధం కుదిరింది. పిల్లగాడు గల్ఫులో ఉన్నాడు, పెళ్లికి మూడు రోజుల ముందు గానీ రాడు. పెళ్లిచూపులూ ఫోనులోనే, నిశ్చితార్థపు పూలుపండ్లకు హాజరైందీ ఫోనులోనే. (ఆ ఫోనును తాంబాలంలో నిలబెట్టి బొట్టు కూడా పెట్టారు. మధ్యలో సిగ్నల్ పోయి పెళ్లికొడుకు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు, మా చెల్లె ఆ బొమ్మను చాలాసేపు చూసింది.) ఆ రోజు పిల్లగాడి నాయనమ్మ మాటల్లో, "మా ఇండ్ల మూడు పెండ్లిండ్లకు తెరసెల్ల నేనే నేసిన. ఇప్పుడు చేతులు వస్తలేవు. బజార్ల ముక్కనే పట్టాలె" అని నిట్టూర్చింది. తెరసెల్ల అంటే జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఒకరినొకరు చూసుకోకుండా నడుమ పట్టే బట్ట. ముసలమ్మ నిట్టూర్పు పూర్తికాకముందే నేను అందుకున్నాను: "నేను నేస్తా అవ్వా."

అప్పటికి నేను బెత్తెడు గుడ్డ కూడా నేసినవాణ్ని కాదు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నిజంగనే నేస్తవా బిడ్డా?" అని అడిగింది. నేస్తానన్నాను. "గట్లయితే మేము కొనం. నీ మీదనే ఉంటం" అంది. మా అవ్వ నా తొడ మీద గిచ్చింది గానీ అప్పటికే ఆలస్యమైంది. ఇంటికి వస్తుంటే చెల్లె ఒక్కటే మాట అంది: "అన్నా, కుందేళ్ల లెక్క చెయ్యకు. వాళ్ల ముంగట నా ఇజ్జత్ పోతది." పెళ్లికి సరిగ్గా నెల రోజులుంది.

మగ్గం ట్రాలీ ఆటోలో వచ్చింది. ముందు గదిలో అది తప్ప ఇంకేదీ పట్టలేదు, టీవీని బాపు తిట్టుకుంటూ వంటింట్లోకి మార్చాడు. మగ్గానికి పన్నె అని దువ్వెన లాంటి చట్రం ఉంటుంది, నిలువు పోగు ప్రతి ఒక్కటీ దాని సందుల్లోంచి పోవాలి. ఆ పన్నెకు మురికి పట్టిన పాత పోగులు జానెడు పొడవున వేలాడుతున్నాయి. నాకు శుభ్రత ఎక్కువ. ఆదివారం పొద్దంతా కూర్చుని ఆ పోగులన్నీ పీకేశాను. సర్ఫు నీళ్లలో పాత బ్రష్షుతో పన్నెను తళతళలాడేలా రుద్దాను. ఎండబెట్టి ఫోటో తీసి, 'కొత్త ఆరంభం' అని రాసి స్టేటస్ పెట్టాను. చాలామంది చప్పట్లు కొట్టే బొమ్మలు పంపారు. మర్నాడు పొద్దున్నే దోమకొండ తాత నిలువు పోగుల కొత్త పడుగు చుట్టి, భుజాన వేసుకుని మొదటి బస్సుకు దిగాడు. పన్నె మీద చెయ్యి పెట్టగానే ఆగిపోయాడు.

"పోగులేవిరా?"

"తీసేసిన తాతా. మస్తు మురికున్నయి."

తాత పన్నె మీదికి వంగాడు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా వేళ్లతో తడిమాడు. తర్వాత నింపాదిగా చెప్పాడు: "గుడ్డ కోసినప్పుడల్లా జానెడు పోగులు ఇడిసిపెడ్తం బిడ్డా. కొత్త పడుగు తెచ్చి ఆ కొసలకు మెలేస్తం. పాత పోగును పట్టుకొని కొత్తది దానంతటదే పన్నెలకు పోతది. ఆ వరస మా నాయిన దూర్చింది. నా జన్మల ఒక్క పోగు కూడ నేను కొత్తగ దూర్చలే."

"మరి ఇప్పుడెట్ల తాతా?"

"ఎట్లేంది. పదకొండు వందల పోగులు. ఒక్కటొక్కటి దూర్చు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా చాయ్ తాగి బస్సెక్కి పోయాడు. ఒక ముసలాయన తండ్రి చేతి వరసను నేను సర్ఫు నీళ్లలో కడిగి మోరీలో పారబోశాను. ఆ పొద్దు ఆఫీసులో దరఖాస్తుల మీద పేర్లన్నీ నాకు మసకమసకగా కనిపించాయి. స్టేటస్ మాత్రం వెంటనే తీసేశాను, ఆ మాత్రం తెలివి ఉంది.

పోగులు దూర్చడానికి ఇద్దరు కావాలి. వెనక కూర్చున్నవాళ్లు పోగును విడదీసి అందిస్తే, ముందున్నవాళ్లు కొక్కెంతో లాగాలి. పెళ్లిపనుల్లో మునిగి ఉన్న ఇంట్లో నా వెనక కూర్చునే తీరిక ఎవరికుంటుంది? మా అవ్వే కూర్చుంది. రోజుకు వెయ్యి బీడీలకు దారం చుట్టే వేళ్లు ఆమెవి. తెల్లారి అయిదుకు లేచి ఏడుదాకా ఇద్దరం మగ్గానికి అటొకరు ఇటొకరు. "బీడీల తునికాకే నయం, చెప్పినట్టు వింటది. ఈ పోగు నీ లెక్కనే ఉన్నది, అటు పొమ్మంటే ఇటు వస్తది" అనేది. నేను ఎడమ పక్కన మూడొందలు దాటాక, మొదట్లోనే ఒక పోగు తప్పిందని కనిపెట్టింది కూడా ఆమే. అన్నీ లాగి మళ్లీ దూర్చాం. అట్లా పన్నెండు రోజులు పోయాయి. బీడీల లెక్క తగ్గిందని ఆమె ఒక్కరోజు కూడా అనలేదు, ఆ సంగతి నాకు తట్టనూ లేదు. మనసు నిమ్మళించడం అనేది ఎప్పుడు మొదలవుతుందా అని మాత్రం ఎదురుచూశాను.

పగలు ఆఫీసు, ఆ నెలలోనే దరఖాస్తులు గుట్టలుగా వచ్చిపడ్డాయి. పెళ్లికార్డులు పంచే పనీ నాదే. (ఎవరూ అప్పజెప్పలేదు. బస్సు దారిలో ఉన్న ఊళ్లన్నీ నేనే చూసుకుంటానని నేనే అన్నాను. ఆ నెలలో నేను కాదన్న పని ఒక్కటీ లేదు.) అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టే చిన్న కండెలకు దారం చుట్టే తీరిక ఇంట్లో లేక బస్సులో చుట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు లింగంపేట దగ్గర డ్రైవర్ బ్రేకు వేసేసరికి దారపు ఉండ నా ఒళ్లోంచి దూకి, సీట్ల కిందినుంచి, కాళ్ల నడుమనుంచి, కల్లుసీసాల సంచీ చుట్టూ తిరిగి ముందుదాకా పోయింది. బస్సు నిండా ఆధార్ కార్డు చూపించి ఉచితంగా పోయే ఆడవాళ్లే. కండక్టర్ ఆ ఉండను ఎత్తిపట్టుకుని, "ఇది ఎవలదో చెప్పుండ్రి. దీనికి ఆధార్ కార్డు ఉన్నదా, టికెట్ కొట్టాల్నా?" అని అడిగాడు. నేను దారం గుంజబోతే పక్క సీటు పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. "ఆగు కొడుకా, గుంజితే తెగుతది" అని, ఎల్లారెడ్డి వచ్చేదాకా ఓపికగా దాన్ని విడదీసి చుట్టి ఇచ్చింది. నాకంటే నీటుగా చుట్టింది. సంతోషం పట్టలేక ఆమెకొక పెళ్లికార్డు ఇచ్చాను. ఆమె పెళ్లికి వచ్చింది కూడా. మా వాళ్లు వాళ్ల తరఫు అనుకున్నారు, వాళ్లు మా తరఫు అనుకున్నారు.

ఇంటికి చుట్టాలు దిగడం మొదలైంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే మగ్గం మీద తువ్వాలలు ఆరేశారు. నేను వాటిని తీసి నేస్తుంటే, చిన్నమ్మలు వాళ్ల సంచులు తగిలించారు. ఒక పొద్దున చెల్లె వచ్చి నా పక్కన కూర్చుని కండెలు అందిస్తూ, "ఫోన్ల మంచిగనే మాట్లాడ్తడు అన్నా. మనిషి ఎట్లుంటడో తెల్వది. తెర తీసెదాక ఆగాలె" అంది. నేను పోగులు తెగకుండా చూసుకుంటూ, "ఆఁ, అట్లనే" అన్నాను. ఆమె ఏమన్నదో నాకు ఆ పూట చెవికెక్కలేదు. కాసేపు కూర్చుని లేచి పోయింది.

ఇంకా ఆరు రోజులుందనగా కొలిస్తే బట్ట గజం కూడా లేదు. కావలసింది రెండున్నర గజాలు. అప్పుడు నేను ఒక గొప్ప విషయం కనిపెట్టాను. అడ్డపోగు పడ్డాక పన్నెతో గట్టిగా కొడితే బట్ట దట్టంగా వస్తుంది, కానీ నత్తలా పెరుగుతుంది. అదే మెల్లగా కొడితే అరగంటలో బెత్తెడు పెరుగుతుంది. ఇంత చిన్న కిటుకు తాతకు ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను. పెళ్లి రోజు పొద్దునకల్లా రెండున్నర గజాలూ పూర్తయ్యాయి. జానెడు విడిచి కోసేందుకు తాతనే పిలిచాను. ఆయన కోసి, బట్టను వేళ్ల నడుమ రాసి చూసి, "ఎవలకన్న చూపెట్టినవా?" అన్నాడు.

"లేదు తాతా. ఏమైంది?"

"ఏం లేదు. పా, ముహూర్తం అయితున్నది."

మండపంలో మేనమామలిద్దరూ చెరో కొస పట్టుకుని తెర ఎత్తారు. సరిగ్గా అప్పుడే వీడియో అతను పెళ్లికొడుకు వెనకనుంచి పెద్ద లైటు వేశాడు. ఆ బట్టకు అవతల పెళ్లికొడుకు తలపాగా, బాసింగం, ముక్కు, మీసం అన్నీ స్పష్టంగా కనిపించాయి. అయ్యగారు మంత్రం ఆపి తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ మంత్రం అందుకున్నారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత మండపమంతా నవ్వింది. నేను ఒక స్తంభం చాటుకు పోయాను. గిటారు, కుందేళ్లు, పుట్టగొడుగులు మధ్యలో ఆగిపోయాయి కాబట్టి వాటితో పరువు పోలేదు. జీవితంలో మొదటిసారి ఒక పని పూర్తిచేస్తే చెల్లె ఇజ్జత్ వీడియోకెక్కింది. బీబీపేట ముసలమ్మ కర్ర పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "నేసినవా, చేపల వల అల్లినవా?" అంది.  మళ్లీ తనే, "ఏమన్న గానీ ఒడగొట్టినవ్. నువ్వు చేతులెత్తేస్తవనుకొని నేను బజార్ల ముక్క కొని సంచిల పెట్టుకున్న" అని నవ్వింది. నీ మీదనే ఉంటం అన్న ముసలమ్మ ఆమేనా అని నేను బిత్తరపోయాను. బాపు మాత్రం ఆ గుడ్డ ఎక్కడ పడిపోతుందో అన్నట్టు మడతపెట్టి తన కండువా కింద పెట్టుకుని పొద్దంతా తిరిగాడు, ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పదహార్రోజుల పండుగకు చెల్లె ఇంటికొచ్చింది. నేను ఆమెకు ఎదురుపడకుండా మగ్గం వెనక్కి పోయి కూర్చున్నాను. ఆమే వచ్చి ఎదురుగా కూర్చుంది. "తప్పైంది చెల్లె, తొందరల పల్చగ కొట్టిన" అన్నాను. ఆమె మగ్గానికి వేలాడుతున్న జానెడు పోగులను వేళ్లతో సవరించింది.

"తెర పట్టేవరకు నాకు కాళ్లు చల్లవడ్డయి అన్నా. లేచి పోదామనిపించింది. తలకాయ ఎత్తి చూస్తే ఆయన కనవడ్డడు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. జీలకర్ర బెల్లం పట్టుకున్న చెయ్యి గడగడ వణుకుతున్నది. నాకన్న ఎక్కువ భయపడుతున్నడు. అది చూసినంక నా భయం పోయింది." తర్వాత లేచి వంటింట్లోకి పోతూ, "నువ్వు దట్టంగ నేస్తే నాకు తెల్వకపోవు" అంది.

నేత ఇప్పటికీ మానలేదు. చేయి కుదిరింది, ఇంచుకు ఎన్ని పోగులు పడాలో అన్నీ పడతాయి, తాత వేళ్లకు కూడా వంక దొరకడం లేదు. నిరుడు మా చిన్నమ్మ కూతురి పెళ్లికి మరో తెరసెల్ల నేశాను. అవతలివాళ్ల నీడ కూడా తెలియనంత దట్టంగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ పెళ్లికూతురు మాత్రం తెర దించేదాకా తలవంచుకుని వణుకుతూనే ఉంది. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తూ, ఆ ఆరు రోజులు తొందరపడి పల్చగా కొట్టినవాడు ఇప్పుడు నా చేతుల్లో ఎక్కడైనా మిగిలి ఉన్నాడేమోనని వెతుక్కున్నాను. ఎంత ప్రయత్నించినా ఇప్పుడు అంత పల్చగా నేయడం నాకు చేతకావడం లేదు.