వాసవాంబ గిల్లుడు

మద్రాసు చింతాద్రిపేటలో వాసవాంబ గిల్లని బిడ్డ లేదు. చంకలో ఉన్నా, ఉయ్యాల్లో ఉన్నా, ఆవిడ వచ్చిందంటే ముందు చొక్కా పైకెత్తి, పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లేపి వదిలేసేది. "ఊఁ, బాగుండావులే" అని పొట్ట నిమిరి వెళ్లిపోయేది. వీధి మలుపులో ఆవిడ గొడుగు కనబడితే చాలు, వాన చినుకులకు ఆరేసిన బట్టలు తీసుకుపోయినట్టు తల్లులు బిడ్డల్ని ఏరుకుని తలుపులు వేసుకునేవారు.

బాలామణి ఆ వీధికి గుడివాడ నుంచి కొత్తగా వచ్చింది. భర్త కోడంబాకం స్టూడియోల్లో ఫిడేలు వాయించేవాడు. మొదటిరోజే వాసవాంబ ఆమె పదకొండు నెలల కూతురు చంద్రకళ పొట్ట గిల్లేసరికి బాలామణి నిర్ఘాంతపోయింది.

"ముద్దొస్తే బుగ్గ గిల్లండి మామ్మగారూ. పొట్టేవిటండీ?"

"బుగ్గతో నాకేం పనిమే?"

మర్నాడు బాలామణి పిల్లకి మూడు చొక్కాలు తొడిగింది. వాసవాంబ మూడూ ఓపిగ్గా ఎత్తి మరీ గిల్లింది. "ఎర్రగడ్డ పొరలు ఒలిచినట్టుండాది" అంది.

1955 వేసవిలో చంద్రకళకు విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్లు తాపొద్దు, తాపితే ఇంకా పోతాయి" అని పక్కింటి అమ్మణి చెప్పింది. బాలామణి అలాగే చేసింది. రెండోరోజు మధ్యాహ్నానికి పిల్ల ఏడుపు మానింది.

"తగ్గినట్టుందండీ, హాయిగా పడుకుంది" అని బాలామణి గుమ్మంలో నిలబడి అమ్మణితో చెబుతుండగా, పట్టుచీర కట్టుకుని వీధిలో పోతున్న వాసవాంబ ఆగింది. ఇద్దర్నీ తోసుకుని లోపలికి వెళ్లి పిల్ల పొట్ట గిల్లింది.

లేచిన చర్మం లేచినట్టే నిలబడింది. ఎంతసేపటికో మెల్లగా దిగింది. చంద్రకళ కిమ్మనలేదు.

"పొద్దుట్నించి ఒంటికి పోసిందా?"

"లేదండి."

"కండ్లు చూడు, ఎంత లోపలికి పోయినాయో. ఇది నిద్ర గాదుమే, సోలిపోయుండాది. పెద్దాసుపత్రికి పోవాల, ఇప్పుడే."

"ఆయన స్టూడియో నుంచి రానివ్వండి."

"ఆయన వచ్చేదాకా ఈ బిడ్డ ఆగదు. అమ్మణీ, పల్చగా గంజి ఒక చెంబు పొయ్యి, ఉప్పెయ్యి. నువ్వు రిక్షా పిలువుమే."

రిక్షాలో దారి పొడుగునా వాసవాంబ పిల్ల పెదాలు తడుపుతూ, మింగిందని చూశాకే ఇంకో చెంచా పోసింది. మధ్యమధ్య గొడుగు ఊపి ఎడ్లబళ్లను పక్కకు తోలింది. "పోయిన నీళ్లు మళ్లా పొయ్యకపోతే ఒళ్లు ఎండిపోదా?" అని బాలామణిని కోప్పడింది.

ఆసుపత్రిలో డాక్టరుగారు స్టెతస్కోపు అయినా తియ్యకముందే పిల్ల చొక్కా ఎత్తి పొట్ట గిల్లారు. బాలామణికి మతిపోయింది.

"మీరూనా అండీ?"

"ఒంట్లో నీరు తగ్గితే చర్మం ఇట్లా నిలబడుతుందమ్మా. సాయంత్రం దాకా ఉంచి ఉంటే కష్టమయ్యేది." అంటూ తలెత్తి వాసవాంబను చూసి చటుక్కున లేచారు. "ఆయమ్మా, మీరా? నేను చదువుకునే రోజుల్లో నాకీ గిల్లుడు నేర్పింది మీరే గదా."

వాసవాంబ పాతికేళ్లు అదే పిల్లల వార్డులో ఆయాగా పనిచేసిందని బాలామణికి అప్పుడు తెలిసింది. చంద్రకళకు సెలైను ఎక్కించారు.

"ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదు మామ్మగారూ?"

"చెప్తే బయపడతారు, గిల్లితే తిడతారు. తిట్టేదే మేలు. బాగుండేటప్పుడు పొట్ట ఎట్లుంటాదో వేలికి తెలిస్తేనే గదమే, బాగలేనప్పుడు తేడా తెలిసేది."

మర్నాడు పొద్దున సెలైను తీశాక చంద్రకళ కళ్లు తెరిచి, వార్డు అదిరేలా ఏడ్చి, వాసవాంబ ఒళ్లో ధారాళంగా ఒంటికి పోసింది. నిన్న ఆవిడ మేనకోడలి పెళ్లికని బయల్దేరి, పెళ్లి మానుకుని, రాత్రంతా విప్పకుండా కట్టుకున్న కంచిపట్టు చీర మొత్తం తడిసింది.

"అయ్యయ్యో, పిల్లని ఇలా ఇవ్వండి, చీర ఉతికేస్తాను" అని బాలామణి చెయ్యి చాపింది.

వాసవాంబ పిల్లను చంకనేసుకుని, తడిసిన చీరను వార్డులోని తల్లులందరికీ చూపించుకుంటూ బయల్దేరింది.

"ఉతికేది తర్వాత చూస్తాంలేమే. ముందు అందర్నీ చూడనీ."