తప్పుకునే మనుషులు

డిపోలో ఆయన్ని అందరూ నిదానం అనేవారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ, పాతికేళ్లు బస్సు నడిపి దాని ఒంటిమీద గీత పడనివ్వని మనిషికి అది బిరుదులా అతుక్కుపోయింది. వెనకనుంచి లారీవాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడిచినా సరే, ఎక్కేవాళ్లంతా ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలదొక్కుకున్నాకే ఆయన బస్సు కదిలేది. "తొందరున్నవాళ్లు నిన్ననే బయల్దేరాల్సింది" అనేవాడు నవ్వుతూ. ఆఫీసుకు ఆలస్యమవుతున్నవాళ్లు కూడా ఆ మాటకు నవ్వి ఊరుకునేవారు.

అలాంటి మనిషి బస్సు కిందే ఒకావిడ పడింది.

ఆరోజు వాన. గాలికి ఎదురుగా గొడుగు అడ్డం పెట్టుకుని, ఆగి ఉన్న వ్యాను చాటునుంచి ఆవిడ రోడ్డు మీదికి వచ్చేసింది. ఆయన మెల్లిగానే వస్తున్నాడు. మెల్లిగా వచ్చినా బస్సు బస్సే కదా. విచారణలో డ్రైవరు తప్పేమీ లేదని తేల్చారు. తేల్చినవాళ్లు కాగితాలు సర్దుకుని ఇళ్లకు పోయారు. ఆయన మాత్రం ఆ రోడ్డు మీదే ఉండిపోయాడు.

ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకుంటే చేతులు వణకడం మొదలైంది. కొన్నాళ్లు తేలికపని చెయ్యమని డిపోవాళ్లు ఆయన్ని, ప్రయాణికులు మర్చిపోయిన సామాన్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. వాళ్ల తెలివికి దండం పెట్టాలి. బస్సుల్లో జనం ఎక్కువగా మర్చిపోయేది ఏమిటి? గొడుగులు. గోడ పొడవునా నల్లవి, పూలవి, పుల్లలు విరిగినవి, అన్నీ గొడుగులే. రోజంతా వాటి మధ్య కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చి, పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. "పలకరిస్తే పలుకుతారు, అంతే. ఇంట్లో ఉన్నది మనిషో బొమ్మో తెలియడం లేదు" అని ఆయన భార్య కూతురి దగ్గర కళ్లు ఒత్తుకునేది.

వానలు వెనకబట్టాక పరీక్ష పెడతామని డిపో మేనేజరు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంటాడు, ఊళ్లో ఒక చుట్టు తిప్పుకొస్తే బస్సు మళ్లీ చేతికొస్తుంది. తిప్పలేకపోతే, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ గదే. బండి తోలడం తప్ప ఇంకో సంతోషం ఎరగని మనిషికి ఆ గది అంటే ఏమిటో ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

కూతురు ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. పగిలిన అద్దాలు మార్చడం పగటి పని. అది కాక ఆమెకు గేముల పిచ్చి. ఒక పెద్ద ఊరంతా రోడ్లే రోడ్లుగా పరిచి, ఎటు కావాలంటే అటు కార్లు ఉరికించుకొమ్మని వదిలేసే రేసు గేము ఒకటుంది. ఆమె ప్రాణమంతా దానిమీదే. ఆడటమే కాదు, ఆడేవాళ్లు తమ అభిప్రాయాలు రాసుకునే చోట 'బ్రేకుల్లేవ్' అన్న పేరుతో రాస్తుంది కూడా. అక్కడ ఆమె మాటంటే మాటే. ఈ ముచ్చట ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆడపిల్ల వీధుల్లో కార్లు గుద్దుకునే ఆట ఆడుతోందంటేనే తల్లి తల పట్టుకునేది, ఇక రాతల సంగతి ఎవరు చెబుతారు?

ఒక ఆదివారం ఆమెకు ఆలోచన తట్టింది. తండ్రిని టీవీ ముందు కూర్చోబెట్టి కంట్రోలర్ చేతికిచ్చింది.

"ఇదేంటమ్మడూ, పిల్లలాట."

"ఊరికే తిప్పండి నాన్నా. ఇక్కడ ఎవరికీ ఏమీ కాదు."

ఆయన చేతులు వణికాయి. అయినా తిప్పాడు. మెరిసిపోయే రేసు కార్లు వంద ఉంటే వాటిల్లో అన్నిటికంటే బరువైన, మొద్దు బండిని ఎంచుకున్నాడు. నిటారుగా కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని అద్దంలోకి తల తిప్పి చూసేవాడు. ఎర్ర లైటు పడితే ఆగేవాడు! ఆ ఆటలో ఎర్ర లైటుకు ఆగిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు. వెనకనుంచి దేశదేశాల కుర్రకారు వచ్చి ఆయన బండికి ధనాధనా గుద్దుకుని, ఎగిరిపడి, తిట్టుకుంటూ పోయేవారు. "వీళ్లకు లైసెన్సు ఎవడిచ్చాడే" అని ఆయన గొణుక్కుంటే, ఎన్నో నెలల తర్వాత తల్లీకూతుళ్లు కలిసి నవ్వారు.

నాలుగో రోజో ఐదో రోజో మలుపులో బండి జారి, ఫుట్‌పాత్ ఎక్కింది. ఎదురుగా నడుస్తున్న మనిషి మీదికే పోయింది. ఆయన గట్టిగా కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే ఆ మనిషి చెంగున పక్కకు దూకి, చెయ్యి ఊపి తిట్టి, తన దారిన తాను పోతున్నాడు.

"తప్పుకున్నాడు! చూశావా అమ్మడూ, తప్పుకున్నాడు!"

ఆ గేము చేసినవాళ్లు అలాగే చేశారు. ఎంత మీదమీదికి పోయినా మనుషులు ఎగిరి పక్కకు దూకుతారు గానీ తగలరు. ఆ సంగతి అర్థమయ్యాక ఆయన ఆట మారిపోయింది. గేములో వాన ఎప్పుడు పడుతుందా అని కాచుక్కూర్చునేవాడు. వాన పడగానే ఫుట్‌పాత్‌ల మీద గొడుగులు విచ్చుకునేవి. ఆయన ఆ వీధుల్లో బండిని మెల్లిగా పోనిచ్చేవాడు. గొడుగు పట్టుకున్న ఒకావిడ రోడ్డు మీదికొచ్చేది, బండి దగ్గరికి రాగానే గొడుగుతో సహా పక్కకు గెంతేది. మళ్లీ చుట్టు తిరిగొచ్చేవాడు. మళ్లీ ఆవిడ గెంతేది. వెనక కుర్చీలో కూర్చున్న కూతురు ఇదంతా చూస్తూ ఏడుపు మింగుకునేది. కానీ ఆయన వెల్లకిలా పడుకుని గురకపెట్టి నిద్రపోవడం మొదలుపెట్టాడు. చేతుల వణుకు తగ్గింది. పరీక్షకు సోమవారం రమ్మని డిపోనుంచి కబురొస్తే, "వస్తానని చెప్పండి" అన్నాడు. భార్య ఆయన యూనిఫామ్ తీసి గంజి పెట్టి ఇస్త్రీ చేసింది.

సరిగ్గా ఆ వారమే గేము కంపెనీ ఒక ప్రకటన వేసింది. 'మీరు అడిగారు, మేం విన్నాం' అని.

ఆడేవాళ్లు ఏమేం అడిగారో కూతురికి బాగానే తెలుసు. కారు తిప్పితే తడి సబ్బులా జారుతోందని ఒకడు. పోలీసులు ఒకసారి వెంటపడితే జిగురులా వదలరని ఇంకొకడు. పాటలు వినలేక చెవుల్లో దూది పెట్టుకుంటున్నామని మరొకరు. కంపెనీవాళ్లు వాటన్నిటినీ పక్కనపెట్టి, ఎక్కువమంది మెచ్చిన అభిప్రాయాన్ని పట్టుకున్నారు. దాన్ని ప్రకటనలో అందరికంటే పైన వేశారు.

'ఊరు బ్రహ్మాండం. మనుషులే అట్టబొమ్మలు. ఎంత మీదికి పోయినా పిల్లుల్లా ఎగిరి తప్పుకునే మనుషులున్న ఊళ్లో భయం ఎక్కడిది? భయం లేనిది వేగమే కాదు. నిజంగా ఎవరూ తప్పుకోరు. తగలనివ్వండి.'

కింద పేరు, బ్రేకుల్లేవ్.

దుకాణంలో ఎవరిదో ఫోను విప్పి చేతిలో పట్టుకుని ఉండగా కూతురు అది చదివింది. వేలు కోసుకుంది. ఆ మాటలు రాసింది గేము వచ్చిన కొత్తలో. అప్పటికి తండ్రి బస్సు కింద ఎవరూ పడలేదు. రాసి, వేలమంది శభాష్ అంటే పొంగిపోయి, ఆ తర్వాత మర్చేపోయింది. రాసిన వేలు విరిచేసుకోవాలనిపించింది. ఇంటికి పరుగెత్తి, మనుషులు తగిలేట్టు మార్చిన కొత్త అప్‌డేట్ గేములోకి దిగకుండా టీవీ వెనక నెట్ వైరు పీకేసింది. సోమవారం దాకా గడిస్తే చాలు, ఆయన బస్సెక్కితే చాలు, తర్వాత సంగతి తర్వాత అనుకుంది.

శనివారం సాయంత్రం ఆమె దుకాణం నుంచి వచ్చేసరికి తల్లి గుమ్మంలోనే అందుకుంది. "ఇల్లు దులుపుతుంటే వైరు ఒకటి ఊడి వేలాడుతోంది. గుచ్చేశాను. ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ బాగుచేస్తావు, ఇంట్లో వైరు ఊడితే కనపడదేమే నీకు?"

కూతురు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి పోయింది.

టీవీలో వాన పడుతోంది. మొద్దు బండి వీధి మధ్యలో ఆగి ఉంది. దాని ముందు ఒకావిడ పడి ఉంది. గొడుగు గాలికి కాస్త దూరం దొర్లి, ఫుట్‌పాత్ అంచుకు తగిలి ఊగుతోంది. గేము చేసినవాళ్లు పనిమంతులు, చాలా బాగా చేశారు. ఆయన కంట్రోలర్‌ను రెండు చేతులతో ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు.

"మెల్లిగానే వెళ్లానమ్మడూ" అన్నాడు. "తప్పుకుంటుందనుకున్నాను."

ఆమె టీవీ కట్టేసింది.

సోమవారం ఆయన గంజిపెట్టిన యూనిఫామ్ వేసుకుని వెళ్లాడు. భార్య వీధి మలుపుదాకా చూస్తూ నిలబడింది. బస్సు ఎక్కాడు, స్టార్ట్ చేశాడు, డిపో గేటు కూడా దాటించాడు. మొదటి కూడలిలో ఒకామె రోడ్డు దాటుతుంటే ఆపాడు. ఆమె దాటి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టర్ "పోనియ్యి" అన్నాడు. వెనక బళ్లు అరిచి అల్లరి చేస్తున్నాయి. ఆయన కాలు బ్రేకు మీదనుంచి లేవలేదు. "పోనియ్యవయ్యా, ఎవరూ లేరుగా" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మళ్లీ. ఆయన హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, తాళంచెవి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టి దిగేశాడు. ఆ పూటనుంచే మళ్లీ ఆ గది.

ఆ సాయంత్రం కూతురు ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. లోపల దాచుకోవడం ఇక తనవల్ల కాలేదు.

"నాన్నా, ఆ మాట రాసింది నేనే. మనుషులు తగిలేట్టు చెయ్యమని. ఆ బ్రేకుల్లేవ్ నేనే."

తిడతాడేమో, తిడితే బాగుండు అని ఆమె ఎదురుచూసింది.

"నువ్వా? మొన్న ఆవిడ పడ్డాక టీవీలో ఆ ప్రకటన వస్తే చదివాను. ఎవరో బాగా చదువుకున్నవాళ్లు రాశారనుకున్నానే" అన్నాడు. "నిజమేనమ్మా. తప్పుకోరు. ఉన్నమాటే రాశావు."

"క్షమించండి నాన్నా."

"దానికేం." ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వణుకుతోంది. ఏదో అడగరానిది అడుగుతున్నట్టు గొంతు తగ్గించాడు. "అయితే నీ మాటంటే వాళ్లు వింటారన్నమాట. ఇంకొక్కసారి రాయకూడదూ? మళ్లీ తప్పుకునేట్టు చెయ్యమని. నాలాంటివాళ్లు కూడా ఆడతారని చెప్పు."

ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె రాసింది. ఆయన చెప్పిన మాటలే, ఒక్కటీ మార్చలేదు. 'అయ్యా, అమ్మా, మీ ఊరు చాలా బాగుంది. మనుషులు పక్కకు దూకితే చూడ్డానికి ప్రాణం లేచొస్తుంది. దయచేసి వాళ్లను దూకనివ్వండి.'

జవాబులు వెంటనే వచ్చాయి. బ్రేకుల్లేవ్‌కు పిచ్చెక్కిందన్నారు. ముసలాళ్లకు వేరే గేములున్నాయన్నారు. మనుషులు తగులుతుంటేనే అసలు మజా అని ఒకడు రాస్తే, దాన్ని వేలమంది మెచ్చారు. కంపెనీ ఏమీ అనలేదు.

ఆమె ఆయనకు అవేవీ చదివి వినిపించలేదు. ఆయన రోజూ సాయంత్రం గొడుగుల గదినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, టీవీ వైపు చూడకుండా కుర్చీలో కూర్చుంటాడు.

"విన్నారటమ్మా వాళ్లు?"

"ఆలోచిస్తున్నారట నాన్నా" అంటుంది ఆమె.