మా అత్త తళిగలో పాత సినిమా జమీందారు

పోయిన శనివారం నాకేం జరిగిందో చెప్తాను, టీ చల్లారినా సరే, వినండి. ముందే చెప్పేస్తున్నాను, అంతా మంచిగానే ముగిసింది. విరుదునగర్‌కు అల్లుడిగా పోయినవాణ్ణి అల్లుడిగానే తిరిగొచ్చాను. మధ్యలో ఒక రెండు నిమిషాలు మాత్రం ఆ వరస ఉంటుందో ఊడుతుందో తెలియలేదు.

నా పని మీకు తెలిసిందే. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లేబుళ్ళకు బొమ్మలు గీస్తాను. నెమలి, ఏనుగు, రోజాపువ్వు, మళ్ళీ నెమలి. చెయ్యి మొద్దుబారిపోయింది. ఆ శనివారానికి మూడు వారాల ముందు మా ఓనర్ పిలిచి, "ఒక పార్టీ వెరైటీగా అడుగుతున్నాడు. పాత నలుపు తెలుపు సినిమాల్లో దయ్యాలు ఉంటాయే, ఆ స్టైల్లో ఆరు లేబుళ్ళు కావాలంట, గీస్తావా?" అన్నాడు. గీస్తావా అని అడగాలా? నాకు ఆ రోజే పండగ.

పాత హీరో ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పను, చెప్తే మీరందరూ ఆయన పాటలెత్తుకుంటారు, నా కథ ఆగిపోతుంది. మనకు తెలిసిన ఆయన కన్నీళ్ళ అన్నయ్య. చెల్లెలి కోసం అన్నీ వదులుకుని వానలో నడిచిపోయే రకం. కానీ సినిమాల్లోకి వచ్చిన కొత్తలో అయిదారేండ్లు ఆయన చేసినవన్నీ దయ్యాల సినిమాలే. నాకూ తెలియదు. ఎవరో పుణ్యాత్ముడు వాటన్నిటినీ వరసగా నెట్‌లో పెట్టాడు.

కూర్చుని అన్నీ చూశాను. ఒకదాంట్లో ఆయన శ్మశానం పక్కన ఆస్పత్రి పెట్టిన డాక్టరు. ఒకదాంట్లో పాడుబడ్డ బంగళాలో వీణ వాయించే గుడ్డివాడు. అన్నిటికన్నా గొప్పది చచ్చిపోయి తిరిగొచ్చే జమీందారు వేషం. గబ్బిలానికి కట్టిన దారం కనిపిస్తుంది, సమాధి రాయి గాలికి ఊగుతుంది, అయినా ఆయన మెట్లు దిగి వస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. రెప్ప వెయ్యడు. ఒక్క కనుబొమ ఎత్తుతాడు. నుదుటి మీద ఒక ముంగురు. పెదవి ఓరగా సాగిందంటే రెండు కోరలు. నేను నిమిషానికొకసారి పాజ్ చేసి గీసుకున్నాను. కరెంటు బిల్లు వెనక జమీందారే, బస్ టికెట్ వెనక జమీందారే. చివరికి ఫోన్ మాట్లాడుతూ కూడా టేబుల్ మీద వేలితో ఆ కనుబొమే గీస్తున్నాను.

జమీందారు బొమ్మతోనే ఆరు డిజైన్లూ ప్రింటింగ్‌కు పంపి హమ్మయ్య అనుకున్న రోజే రాజి వాళ్ళమ్మతో ఫోన్ మాట్లాడి వచ్చింది. రాజి నా భార్య, నా మేనత్త కూతురే.

"బావా, శనివారం అమ్మింట్లో తళిగ నువ్వే వేస్తావని చెప్పేసినాను."

ఇది మీలో కొందరికి తెలియకపోవచ్చు. మా ఇళ్ళల్లో పురట్టాసి అనే అరవ నెలలో శనివారం పెరుమాళ్ళకు, అంటే వెంకన్నకు, తళిగ వేస్తారు. పెద్ద అరిటాకు పరిచి, చక్కెర పొంగలి, పులిహోర, నిమ్మకాయ అన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం, వీటితోనే ఆకు మీద స్వామి రూపం తీర్చాలి. ముందర తెర కట్టి, లోపల ఒకళ్ళే కూర్చుని తీరుస్తారు. అయ్యాక తెర తీస్తే అందరూ గోవిందా అంటారు. మా అత్తకు అది మొక్కు. రాజి తమ్ముడు చంటివాడుగా ఉన్నప్పుడు జ్వరమొచ్చి దక్కడనుకున్నారు, అప్పుడు మొక్కుకుంది. వాడికిప్పుడు మీసాలు నెరుస్తున్నాయి. ఇన్నేండ్లలో ఒక్క ఏడు తప్పలేదు, ఇంకొకరిని ఆకు ముట్టనివ్వలేదు. ఈ ఏడు బట్టలుతికే రాయి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా కట్టు.

"నాకేం వచ్చు రాజీ? ఎప్పుడైనా వేసినానా?"

"నెమిలి గీస్తావు, ఏనుగు గీస్తావు, పెరుమాళ్ళు రాడా? అమ్మ ఏడుస్తా ఉండాది బావా."

అత్త ఏడుస్తోందంటే నేను నిలవలేను. బొమ్మలు గీసుకునేవాడికి పిల్లనెట్లా ఇస్తావని ఊరంతా అడిగినప్పుడు, మా అన్న కొడుక్కే ఇస్తాను అని నిలబడిన మనిషి ఆమె. సరేనన్నాను.

శనివారం తెల్లారి ఫస్ట్ బస్సుకే విరుదునగర్ చేరాం. అత్త నీళ్ళు కూడా ముట్టకుండా వాకిట్లోనే నిలబడి ఉంది.

"వచ్చినావా నాయనా. నా మొక్కు నీ చేతిలో పెట్టిండాను. నిదానంగా చెయ్యి. నోటికి తువ్వాలు కట్టుకో. మాట్లాడకూడదు, రుచి చూడకూడదు. ఒకతూరి పెట్టిన మెతుకు మళ్ళా ఎత్తకూడదు. తొమ్మిదికి రాహుకాలం, ఆ లోపల తెర తియ్యాల."

పక్కన మా మామ అక్క, వత్రాప్ ఊరి పెద్దమ్మ. తప్పు పట్టడానికే బస్సెక్కి వచ్చే మనిషి. "మగోడి చేతికి ఇస్తిరే" అని మూతి తిప్పింది. "మొక్కు చెడిపోతే ఇంటికి అచ్చిరాదు, ఇప్పుడే చెప్తా ఉండాను."

తెర వెనకకు పోయాను. దీపాలు, పళ్ళేలు అన్నీ ఆకు కింది వైపు పెట్టారు. నాకు మిగిలింది తల వైపు మాత్రమే. అంటే స్వామిని తలకిందులుగా తీర్చాలి. పర్వాలేదు, ప్రెస్సులో ఎన్ని లేబుళ్ళు తలకిందులుగా దిద్దలేదు? పొంగలితో ఒళ్ళు, నిమ్మకాయ అన్నంతో కిరీటం, వడలతో దండ. అన్నీ కుదిరాయి. కొబ్బరన్నంతో మొహం పెట్టి, పులిహోర చేతిలోకి తీసుకున్నాను. అక్కడినుంచి పని దానంతటదే సాగింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. దానిమ్మ గింజలతో పెదవులు పెట్టాను. నవ్వు కొంచెం కళగా ఉంటుందని చివర్లలో రెండు కొబ్బరి పలుకులు గుచ్చాను. నాలో ఇంత భక్తి ఉందా అని నాకే ఆశ్చర్యం. భక్తి కాదు నాయనా, అలవాటు! మనసు గోవిందా అంటోంది, చెయ్యి మాత్రం కోవిల్‌పట్టిలోనే ఉంది.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా ముందు వైపుకు వచ్చి, తువ్వాలు విప్పుకుని, అందరితో పాటు చేతులు జోడించి నిలబడ్డాను. మామ తెర లాగాడు.

జమీందారు.

ఒక కనుబొమ కిరీటం దాకా ఎత్తి, నుదుటి మీద పులిహోర ముంగురుతో, రెండు కోరలు బయటపెట్టి, రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నాడు. నామం దిద్దినా దాగలేదు. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారు. కోతయినా నయమే, హనుమంతుడని దండం పెట్టొచ్చు. దయ్యానికి ఏం చెప్పాలి? పెట్టిన మెతుకు ఎత్తకూడదు. రాహుకాలం నెత్తిమీద ఉంది. గోవిందా అనాల్సినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. రాజి నా చెయ్యి గిల్లింది, ఎంత గిల్లిందంటే ఇదిగో, మచ్చ ఇంకా ఉంది.

"ఇదేంది, పేయి మాదిరి..." అని పెద్దమ్మ మొదలుపెట్టింది. పేయి అంటే దయ్యం. మా ఇళ్ళల్లో ఆ మాట అరవంలోనే అంటాం.

ఆమె మాట పూర్తి కాలేదు. అత్త ముందుకు వచ్చింది. ఆకును కిందినుంచి పైకి ఒకసారి చూసింది. కట్టు కట్టిన చేతిని ఎత్తి, మంచి చేతికి ఆనించి దండం పెట్టింది.

"నరసింహస్వామీ! ఇన్నేండ్లకు మా ఇంటికి వస్తివా అప్పా!"

గోవిందా అని ముందు మామ అన్నాడు. తర్వాత ఇల్లంతా అంది. పెద్దమ్మ ఒక్క క్షణం తటపటాయించి, చెంపలు వేసుకుని, అందరికన్నా గట్టిగా అంది. "అదే కదా, కోరలు చూడు, ఎంత లక్షణంగా ఉండాయో" అని పక్కింటావిడకు చూపించింది కూడా. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాను. అత్త తీర్థం తాగి కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది. సంతోషమే, వేరే ఏమీ కాదు.

అందరూ పంక్తిలో కూర్చున్నాక అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. ఎడమ చేత్తోనే గరిటె పట్టుకుని నాకు పొంగలి పెట్టింది.

"ఆ మొగం నాకు తెలీదనుకొంటివా? పిల్లప్పుడు కోవిల్‌పట్టి టెంటు సినిమా కొట్టాయిలో రెండు తడవలు చూసిండాను. మూడు దినాలు జొరమొచ్చి పండుకొంటిని."

"మరి నరసింహస్వామి అంటివే అత్తా?"

"కోరలుండే దేవుడు ఆయన కాక ఇంకెవురుండారు? పెరుమాళ్ళ ఆకులో కూర్చున్నోడు పెరుమాళ్ళే. ఇన్నేండ్లు నేను పెట్టింది మాత్రం అచ్చం స్వామి మాదిరి ఉండెనా? ఒక ఏడు మెల్లకన్ను, ఒక ఏడు ముక్కే లేదు. ఆయనకు అలవాటే. తిను."

కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను. లేస్తుంటే అత్త గొంతు తగ్గించింది.

"ఒకటి మాత్రం తప్పు నాయనా. ఆయన ఆ ముంగురు ఎడమ పక్క కదా వేసుకొనేది. నువ్వు కుడి పక్క పెట్టిండావు."

మిగతావన్నీ ఓర్చుకున్నాను కానీ ఇది తట్టుకోలేకపోయాను. రెండు వారాలు పాజ్ చేసి చేసి చూసినవాణ్ణి నేను! ఎప్పుడో టెంటులో కళ్ళు మూసుకుని చూసిన మనిషి నాకు చెప్పడమా? తలకిందులుగా తీర్చానులే, అందుకే మారిందని సర్ది చెప్పుకున్నాను. సోమవారం ఆఫీసుకు పోగానే ల్యాప్‌టాప్ తెరిచాను. డిజైన్లలో కూడా కుడి పక్కే ఉంది. సినిమా పెట్టాను. ముంగురు కుడి పక్కే. అత్తకు వయసైందిలే అనుకుంటూ ఇంకాస్త ముందుకు జరిపితే పెళ్ళి సీను. పెళ్ళికూతురి పైట కుడి భుజం మీద ఉంది. పంక్తిలో ఊరు ఊరంతా ఎడమ చేత్తో అన్నం తింటోంది!

సినిమాను నెట్‌లో పెట్టిన ఆ పుణ్యాత్ముడు, దొంగతనం పట్టుబడకుండా బొమ్మను అద్దంలో మాదిరి తిప్పి పెట్టాడు. అక్షరాలున్న చోటల్లా కత్తిరించేశాడు. నేను రెండు వారాలు చూశాను, ఒక్కటీ గమనించలేదు. పరిగెత్తుకుంటూ ప్రెస్సుకు పోయాను. ఇంకా మిషన్ ఎక్కించలేదు, బతికాను. ఆరింటినీ దిద్ది ఓనర్ ముందు పెడితే, తప్పు కనిపెట్టింది ఎవరని అడిగాడు. మా అత్త అని చెప్పేశాను.

ఆయన ఏమీ తిట్టలేదు, మంచివాడు. లేబుళ్ళు నా చేతికే తిరిగిచ్చి, "ఆమెకు చూపించు, ఆమె సరే అంటేనే మిషన్ ఎక్కిద్దాం" అన్నాడు.